తాళ్ళ ఇల్లు

మా వదినకి నా వంటింటి పొగ పడదు. నిజానికి అప్పటికి వంటిల్లు లేదు, పొయ్యి లేదు, అసలు ఇల్లే లేదు. ఊరి బయట చేల మధ్య మేం కొనుక్కున్న జాగాలో ముళ్ళకంపా రాళ్ళూ తప్ప ఇంకేం లేవు. అయినా సరే, ఆవిడ ముక్కుకి నా మిరపకాయల ఘాటు అప్పుడే కొట్టింది. ఏం ముక్కండీ బాబూ అది!

నాకు కోపం ఎక్కువని మా వాళ్ళందరూ అంటారు. అననీండి. జరిగింది విన్నాక మీరే చెప్పండి, కోపం రాకుండా ఎలా ఉంటుందో.

మా ఆయన బస్సు డ్రైవరు. అంటే ఇప్పుడు కాదు, కళ్ళు బాగున్నన్నాళ్ళూ. వయసేం మీద పడలేదు, ఒంట్లో ఇంకే రోగమూ లేదు, కళ్ళొక్కటే మోసం చేశాయి. చూపు పక్కల నించి మూసుకుంటూ వచ్చింది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కన నిలబడ్డ నేను కనిపించను. తర్వాత తర్వాత గొట్టంలోంచి చూస్తున్నట్టే అయిపోయింది. ఉద్యోగం మానేశాడు. డాక్టరు మాత్రం ఏ దాపరికం లేకుండా చెప్పేశాడు. ఇది ఆగేది కాదు, ఉన్న చూపు ఉండగానే మీరు ఉండబోయే చోటు అలవాటు చేసుకోండి అన్నాడు.

మేముండే చోటు పట్నంలో మూడో అంతస్తు. లిఫ్టు దాని ఇష్టం వచ్చినప్పుడు నడుస్తుంది. కింద వీధిలో మోటారు సైకిళ్ళు. ఒకరోజు పాలకని దిగిన మనిషిని ఎవడో గుద్దేసి వెళ్ళిపోయాడు. మోచెయ్యి గీరుకుపోయి, పాల పాకెట్టు చితికిపోయి, తనే తప్పు చేసినట్టు మొహం పెట్టుకుని ఇంటికొచ్చాడు. ఆ పూటే నేను తేల్చేశాను. ఈ ఫ్లాటు అమ్మేద్దాం, పల్లెటూరి వైపు జాగా కొని మీకోసమే ఓ ఇల్లు కట్టుకుందాం అన్నాను. నా కుట్టుమిషను ఎక్కడ పెట్టుకున్నా నడుస్తుంది.

ఆయన అడిగింది ఒక్కటే. "చూపు మొత్తం పోయాక కూడా, మంచం దిగి వంటింట్లోకెళ్ళి గ్లాసుడు మంచినీళ్ళు నేనే ముంచుకు తాగాలోయ్. నీ భుజం పట్టుకుని కాదు. ఆ ఒక్కటీ నాకు చాలు" అన్నాడు. దానికోసమే ఆ ఇల్లు. మిగతావన్నీ తర్వాత.

మా అన్నయ్యకి పట్నంలో ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసుంది. అందరూ ఇంజనీరుగారూ అని నెత్తిన పెట్టుకుంటారు. మా జాగా పక్క జాగా తనే కొన్నాడు. మేడ కట్టుకుంటున్నాడు, ముందు పెద్ద వరండా. "బావ ఇల్లు నేను గీయకపోతే ఎవడు గీస్తాడే!" అన్నాడు. ఎంత బాగా గీశాడో! అది మాత్రం ఒప్పుకోవాలి, అబద్ధమాడను. ఎక్కడా మెట్టు లేదు, గుమ్మాల దగ్గర ఎత్తు లేదు. గోడల మూలలన్నీ గుండ్రంగా. కర్ర కుడి చేత్తో పట్టుకుంటాడు కాబట్టి ఎడమ చేతికి అందేట్టు గోడ పొడుగునా చెక్క కమ్మీ. హాల్లోంచి ఎడమకి తిరిగితే వంటిల్లు, వంటింట్లో అడుగుపెట్టగానే ఎడమ చేతికి మంచినీళ్ళ బిందె. హాలుకి కుడివైపు పడగ్గది. పిల్లాడికి చెప్పినంత తేలిగ్గా ఉంది.

మేస్త్రి వచ్చి నేలమీద సున్నంతో గీతలు వేశాడు. ఈ మేస్త్రికి నేను పెట్టిన పేరు సరేనండి మేస్త్రి. వాన పడుతోందన్నా సరేనండి అంటాడు, ఎండ కాస్తోందన్నా సరేనండి అంటాడు. మా ఆయన ఆ గీతలు చూసి, "గీత చేతికి తగలదు కదయ్యా, మేకులు కొట్టి నడుం ఎత్తున తాళ్ళు కట్టు" అన్నాడు. సరేనండి అన్నాడు. గోడ వచ్చే చోటల్లా తాడు, తలుపు వచ్చే చోట ఖాళీ.

ఇంక చూడండి ఆ మనిషి సంబరం! మేం అప్పటికే ఊళ్ళో అద్దెకి దిగాం. రోజూ సాయంత్రం వచ్చి ఆ తాళ్ళ మధ్య కళ్ళు మూసుకుని నడిచేవాడు. ఎడమ చెయ్యి తాడు మీద జారుతుంటే, "ఇప్పుడు హాలు దాటుతున్నాం, వంటిల్లు స్టేజీ దిగేవాళ్ళు ముందుకి రావాలి" అనేవాడు. తలుపు దగ్గరికి రాగానే నోటితో పాం పాం అని హారను. నేను వెనకాల నించి "రైట్ రైట్" అనాలి, లేకపోతే బండి కదలదు. నవ్వీ నవ్వీ నా కడుపు నొప్పెట్టేది. ఒక్కోసారి కళ్ళు తెరిచి, ఆ గొట్టంలాంటి చూపుతో వంటిల్లు వచ్చే చోటునీ, బిందె వచ్చే మూలనీ నిలబడి నింపాదిగా చూసుకునేవాడు. "దాచుకుంటున్నానోయ్" అనేవాడు. అలా అన్నప్పుడు నాకు ఏడుపొచ్చేది కానీ పైకి తెలియనిచ్చేదాన్ని కాదు.

మా వదిన వాళ్ళ వరండా అప్పటికి లేచింది. కుర్చీ వేసుకుని కూచుని మమ్మల్నే చూసేది. ఒకరోజు అక్కణ్ణించే అరిచింది.

"అమ్మాయ్, నీ వంటిల్లు మా వైపే వస్తుందా ఏమిటి?"

"అవును వదినా."

"మరి నీ పోపుల పొగంతా మా వరండాలోకేనా? మీ అన్నయ్య ఆ వరండా ఎంత ముచ్చటపడి కట్టిస్తున్నారో నీకు తెలీదూ? పెద్ద పెద్దవాళ్ళు వచ్చి కూచునే చోటు."

"ఘాటు తగిలితే వాళ్ళూ తుమ్ముతారు, వదినా. పెద్దవాళ్ళకి మాత్రం ముక్కులుండవా?" అన్నాను. ఆవిడ మూతి ముడుచుకుని లోపలికెళ్ళింది. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఈలోగా పెద్దాసుపత్రి నించి కబురొచ్చింది. ఒక ఆపరేషనుంది, నమ్మకంగా చెప్పలేం కానీ ప్రయత్నిద్దాం అన్నారు. వెళ్ళాం. కళ్ళకి కట్లు, చుక్కల మందులు, ఊరికే పడుకోవడం. అక్కడున్నన్నాళ్ళూ ఆయన మంచం మీదే పడుకుని ఎడమ చెయ్యి గాల్లో ఆడించేవాడు. నర్సు చూసి, ఏమైందండీ ఈయనకి అని కంగారు పడింది. "ఇంట్లో తిరుగుతున్నారమ్మా, మీరు అడ్డం రాకండి" అన్నాను. అన్నయ్య ఫోను చేసినప్పుడల్లా, "పని జోరుగా సాగుతోందే చెల్లాయ్, మీరు కంగారు పడి రావద్దు" అనేవాడు. ఎంత ప్రేమో అనుకున్నాను, నా మొహం.

ఆపరేషను వల్ల ఒరిగిందేం లేదు. ఉన్న గొట్టం ఇంకాస్త సన్నమైంది. వచ్చేసరికి గోడలు మనిషెత్తు లేచున్నాయి. పచ్చి సిమెంటు వాసన. మా ఆయన మొహం వెలిగిపోయింది. "నువ్వు రాకు, నేనే వెళ్తా" అని కర్ర కుడి చేతిలోకి తీసుకుని, కళ్ళు మూసుకుని, ఎడమ చెయ్యి గోడకి ఆనించి లోపలికెళ్ళాడు. నేను బయట నించి రైట్ రైట్ అన్నాను.

లోపల ఠప్పుమని చప్పుడు. తర్వాత ఆయన గొంతు.

"ఏమోయ్, వంటిల్లేదీ?"

పరిగెత్తుకెళ్ళాను. నుదురు గోడకి కొట్టుకుని ఎర్రగా కంది ఉంది. ఎడమకి తిరిగితే ఖాళీ ఉండాల్సిన చోట గోడ ఉంది. నేను ఆ గోడ వైపు చూశాను, అటు చూశాను, ఇటు చూశాను. ముప్పొద్దులా బట్టలు కత్తిరించేదాన్ని, నాకర్థం కావడానికి ఎంతసేపు? బట్ట తిరగేసి కత్తిరించారు. ఎడమవన్నీ కుడికెళ్ళాయి, కుడివన్నీ ఎడమకొచ్చాయి. వంటిల్లు అవతలి చివర, పొలాల వైపు ఉంది. మా వదిన వరండా వైపు పడగ్గది ఉంది. కమ్మీ కోసం పెట్టిన చెక్క ముక్కలు కూడా గోడకి కుడివైపునే ఉన్నాయి.

"మేస్త్రీ!" అని అరిచిన అరుపుకి పైన పిట్టలు లేచిపోయాయి.

"ఇంజనీరుగారు కొత్త కాగితం ఇచ్చారండి. అందులో ఎలా ఉంటే అలా కట్టానండి."

"పాత గీతలు నువ్వు వేసినవే కదా? తాళ్ళు నువ్వు కట్టినవే కదా? ఆయన రోజూ వాటిలో తిరగడం చూశావు కదా? ఎందుకయ్యా మార్చారని ఒక్క మాట అడగలేదేం?"

"సరేనండి" అన్నాడు. దేనికి సరేనో వాడికే తెలియాలి. గోడ మీదున్న తాపీ అందుకుని వాడి మొహాన కొట్టాలనిపించింది కానీ, పోనీ అని నేల మీదే విసిరేశాను.

అన్నయ్య ఇంటికి చెప్పులతోనే వెళ్ళాను. వరండాలో ఇద్దరూ ఉన్నారు. నన్ను చూడగానే వదిన చీర కొంగు సర్దుకుంది, అన్నయ్య లేచి నిలబడ్డాడు. వాళ్ళకి ముందే తెలుసు, ఈ రోజు వస్తుందని.

"ఎందుకు తిప్పావురా?" అన్నాను. అన్నయ్యని రా అని పిలవడం అదే మొదలు.

"అబ్బ, ఏమైపోయిందని ఇప్పుడు? అవే గదులు, అవే కొలతలు. ఒక్క అంగుళం కూడా తగ్గలేదు. కంప్యూటర్లో ఒక్క నొక్కు నొక్కితే ప్లానంతా తిరగబడుతుంది. రోజూ చేసే పనే. ఎదురెదురు ఫ్లాట్లన్నీ అలాగే గీస్తాం."

"ఎందుకు నొక్కావు?"

వదిన వైపు చూశాడు. ఆవిడ అందుకుంది.

"నేనే చెప్పాను, అమ్మాయ్. తప్పేముంది? మా మర్యాద మేం చూసుకోవద్దూ? పొలాల వైపు వంటిల్లయితే నీకే గాలి. మీ ఆయన నాలుగు రోజులు తిరిగితే అదే అలవాటవుతుంది. ఎటూ చూపు ఉన్నా ఒకటే, లేకపోయినా..."

అక్కడ ఆపింది. ఆపిందిలెండి కానీ అనాల్సింది అనేసింది. నా ఒళ్ళంతా మంట. ఆ పూట నేనేమేం అన్నానో ఇక్కడ చెప్పను, చుట్టుపక్కల పొలాల్లో వాళ్ళు చెబుతారు. వాళ్ళ వరండా దగ్గర్నించి వాళ్ళ పెళ్ళి దాకా దేన్నీ వదల్లేదు. చివరికి, "పడగొట్టండి. మొదట గీసినట్టు మళ్ళీ కట్టండి" అన్నాను.

"పడగొట్టి పునాది నించి మళ్ళీ లేపాలంటే వానలు దాటాలే, చెల్లాయ్. అప్పటికి బావకి..." అని వాడూ ఆపాడు. మొగుడూ పెళ్ళాలిద్దరికీ మాట సగంలో మింగడం బాగా అలవాటు.

వాడన్నది నిజం. పడగొడితే, ఇల్లు లేచేసరికి ఆయన చూడ్డానికి చూపుండదు. పడగొట్టకపోతే, చూసి దాచుకున్న ఇల్లుండదు. ఫ్లాటు ఎప్పుడో అమ్మేశాం. ఎటు వెళ్ళినా మాకు పోయేదే.

మా ఆయన అప్పటికి కంచె దాకా తడుముకుంటూ వచ్చాడు. నుదుటి మీద బొప్పి కట్టింది. ఆయన నోట్లో నాలుక లేని మనిషి.

"వదిలెయ్యవోయ్. ఎడమవైపు నడిపినవాణ్ణి కుడివైపు నడపమన్నారు, అంతేగా. నడుపుతాను" అన్నాడు. తర్వాత, మా అన్నయ్య ఉన్న వైపుకి మొహం తిప్పి, "కాకపోతే బావగారూ, మనిషన్నాక ఎప్పుడో ఒకసారి ఆదమరుస్తాడు. యాక్సిడెంట్లన్నీ అప్పుడే అవుతాయి. మీరు బండి తోలరు కాబట్టి మీకు తెలీదు" అన్నాడు. మా అన్నయ్య నేల చూపులు చూశాడు.

స్లాబు పడింది, రంగులు పడ్డాయి. మా ఆయన చూపు అంతకంటే తొందరపడింది. తలుపులు బిగిస్తుండగా ఒక పొద్దున లేచి, "ఇవాళ ఇంకా తెల్లారలేదేమోయ్?" అన్నాడు. కిటికీలోంచి ఎండ ఆయన ఒళ్ళో పడుతోంది.

ఇంట్లో దిగిన రోజు మా అన్నయ్య జనాన్ని వెంటబెట్టుకొచ్చాడు. మేం పిలవలేదు. ఇళ్ళు కట్టించుకోవాలనుకునే పెద్దమనుషులట, వాళ్ళ పెళ్ళాలట. మా ఇల్లు నమూనాకి చూపిస్తున్నాడు! "ఇదిగో, గుమ్మాల దగ్గర ఎత్తు లేదు చూడండి. గుండ్రటి మూలలు. ఇదిగో చెక్క కమ్మీ. మా బావ కోసం ప్రత్యేకంగా గీశాను. చూపు లేకపోయినా చక్కగా తిరిగేయొచ్చు." వంటింట్లో ఉన్న నాకు ప్రతి మాటా వినిపిస్తోంది.

"ఏదీ బావా, ఒకసారి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చుకు తాగు. వీళ్ళు చూస్తారు" అన్నాడు.

నేను గరిట పడేసి వచ్చేలోపే మా ఆయన లేచాడు. కొత్త చొక్కా, అంతమంది మనుషుల అలికిడి, నలుగురూ తననే చూస్తున్నారన్న హడావిడి. ఆదమరిచాడు. ఎడమ చెయ్యి గోడకి ఆనించాడు. అటు కమ్మీ లేదు, వట్టి గోడ. అయినా ఆ చెయ్యి తనకి తెలిసిన దారినే పోయింది. హాలు దాటి ఎడమకి తిరిగాడు, తలుపు దగ్గర చిన్నగా పాం పాం అన్నాడు, లోపలికెళ్ళాడు. అది పడగ్గది. వచ్చిన ఆడవాళ్ళు ఇద్దరు మంచం మీద కూచుని కబుర్లాడుకుంటున్నారు. ఎడమ చేతికి బిందె ఉండాలి కదా. చెయ్యి చాపాడు. ఆ చెయ్యి వెళ్ళి ఒకావిడ నెత్తి మీద పడింది.

ఆవిడ కెవ్వుమంది. ఎవరో కిసుక్కుమన్నారు. మా ఆయన చెయ్యి కాలినట్టు వెనక్కి లాక్కుని, ఆ చేతిని ఇంకో చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అంత పెద్ద బస్సు తిప్పిన మనిషి, ఆ గదిలో ఎటు తిరగాలో తెలియక అక్కడే నిలబడిపోయాడు.

"ఏమోయ్" అని నన్ను పిలిచాడు. చాలా మెల్లగా. "ఎవరింటికి తీసుకొచ్చావు నన్ను?"

నేను వెళ్ళి ఆయన చెయ్యి నా భుజం మీద వేసుకున్నాను. దేనికోసం ఆ ఇల్లు కట్టామో అదే లేకుండా పోయింది. వచ్చినవాళ్ళ వైపు తిరిగి, "సినిమా అయిపోయింది, లేవండి" అన్నాను. మంచం మీద వాళ్ళు చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పోయారు. అన్నయ్య ఏదో అనబోయాడు. "నువ్వు కూడా" అన్నాను.

మర్నాడు సరేనండి మేస్త్రిని పిలిపించాను. మిగిలిపోయిన మేకులూ తాళ్ళూ తెమ్మన్నాను. మా ఇంటికీ మా వదిన వరండాకీ మధ్య మా జాగా చాలా ఖాళీగా ఉంది. నా మెడలో కుట్టుపని టేపు ఉండనే ఉంది. ఆయన వెనకాల రైట్ రైట్ అంటూ ఎన్ని సాయంత్రాలు తిరిగాను, నాకు ఏ కాగితమూ అక్కర్లేదు. ఇక్కడ మేకు, ఇక్కడ ఖాళీ, ఇక్కడ మలుపు. మొదట గీసినట్టే, అణువణువూ అలాగే.

"వంటిల్లు సరిగ్గా ఆ వరండాకి ఎదురుగా రావాలి" అన్నాను.

"సరేనండి" అన్నాడు. ఆ ఒక్కసారి ఆ మాట నాకు బాగుంది.

వంటింటి మీద మాత్రం ఒక రేకు వేయించాను. పొయ్యి అక్కడే పెట్టాను. అడుగుపెట్టగానే ఎడమ చేతికి బిందె. మా ఆయన్ని తీసుకొచ్చి, ఎడమ చెయ్యి పట్టి తాడు మీద పెట్టాను. ఆయన కాసేపు తాడు వేళ్ళ మధ్య నలిపి చూసుకున్నాడు. తర్వాత నా చెయ్యి వదిలేశాడు. తాడు వెంబడే వెళ్ళాడు, మలుపు తిరిగాడు, పాం పాం అన్నాడు. బిందె మీద మూత తీసి, గ్లాసు ముంచుకుని, చొక్కా మీద పోసుకుంటూ తాగాడు. "వంటిల్లు, వంటిల్లు, దిగాలి" అని గట్టిగా అరిచాడు. నేను అప్పుడు ఏడ్చాను, పైకే ఏడ్చాను.

పడుకోడానికీ వాన వస్తేనూ ఇటుకల ఇంట్లోకెళ్తాం. అక్కడ నా భుజం పట్టుకుంటాడు. మిగతా పొద్దంతా తాళ్ళ ఇంట్లోనే, ఎవర్నీ పట్టుకోడు. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తారు. చూడనీండి.

వదిన వారం కూడా ఓర్చుకోలేకపోయింది. ముందు వరండాకి తెరలు కట్టించింది. తర్వాత తుమ్ముతూనే నాతో పోట్లాట పెట్టుకుంది. ఒక సాయంత్రం అన్నయ్యని పంపించింది.

నేను మూకుట్లో ఎండుమిరపకాయలు వేయిస్తున్నాను. వాడు కంచె దాటి వచ్చి తాడు దగ్గర ఆగాడు. వంగితే ఎక్కణ్ణించైనా దూరి రావచ్చు. వాడు రాలేదు. తాడు పక్కనే నడుచుకుంటూ చుట్టూ తిరిగి, వీధి తలుపు ఉండాల్సిన ఖాళీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. వాడు గీసిందే కదా, తలుపెక్కడో వాడికి బాగా తెలుసు. మొహం పాలిపోయి ఉంది, చిన్నప్పుడు దెబ్బలు తినబోయేముందు అలాగే పెట్టేవాడు.

"చెల్లాయ్" అన్నాడు. "తప్పయిపోయిందే. లోపలికి రానా?"

ఆ ఖాళీలో అడ్డంగా ఏమీ లేదు. గాలి తప్ప.

"తలుపేసుంది" అన్నాను.

వాడు కదల్లేదు. ఘాటుకి దగ్గొచ్చింది. ఆ చప్పుడుకి పడగ్గది తాళ్ళ దగ్గర కూచున్న మా ఆయన లేచాడు. ఎడమ చెయ్యి తాడు మీద జారుతుండగా హాలు దాటి, వాడికి చెయ్యి చాపితే అందేంత దగ్గర నించే వెళ్ళి, వంటింట్లోకి తిరిగాడు. నీళ్ళు ముంచుకు తాగాడు.

"ఎవరోయ్ వచ్చింది? బావగారి దగ్గులా ఉందే."

"ఎవరూ లేరండీ."

ఆయన ఒక్క క్షణం తలుపు వైపు మొహం పెట్టి విన్నాడు. తర్వాత గ్లాసు బిందె మీద బోర్లించి, వచ్చిన దారినే తాడు పట్టుకుని వెళ్ళిపోయాడు. అన్నయ్య ఇంకా బయటే నిలబడున్నాడు. నేను మూకుట్లో ఇంకో గుప్పెడు మిరపకాయలు వేశాను.